పదకొండో నంబరు నడక

జూన్ 4

పిడుగుకి,

ఇది నేను చెప్తుంటే ఎదురు గది టైలరమ్మ రాస్తున్న ఉత్తరం. నేను బాగున్నాను. మోకాళ్ళు బాగాలేవు, వాటితో మాట్లాడటం మానేశాను. నువ్వెలా ఉన్నావని అడగను. మూడు నెలలుగా ఒక్క ముక్క రాయనిదాన్ని అడిగి చెప్పించుకునే గతి నాకింకా పట్టలేదు.

అసలు సంగతికొస్తాను. నేను కేసు వేస్తున్నాను. కోర్టులో కాదు, మా ఇంటి ఓనరు దగ్గర. ఒకటో తారీఖున వచ్చి మెట్ల దగ్గర కుర్చీ వేయించుకుని, ఎవరి గోడు వాళ్ళని చెప్పుకోమంటాడు. మిగతా వాళ్ళ గోడు కుళాయి, మురుగు. నా గోడు నా కాళ్ళ కింద కాపురం పెట్టింది.

కింద పోర్షన్లోకి ఒకాయన దిగాడు. డాక్టర్లకి కట్టుడు పళ్ళు చేసిస్తాడట, అందుకని అందరం పళ్ళాయన అంటున్నాం. రోజూ సాయంత్రం నాలుగయ్యేసరికి ఏదో పెడతాడు. మొదటిరోజు భూకంపం అనుకున్నాను. నేలలోంచి మంచం కోళ్ళలోకి, కోళ్ళలోంచి నా వెన్నులోకి పాకింది. బిందెలో నీళ్ళ మీద గుండ్రంగా గీతలు పడ్డాయి. నా పళ్ళ సెట్టు ఉన్న గ్లాసు అల్మారా చివరిదాకా నడిచొచ్చింది. ఇది కూడా రాయాలా అని టైలరమ్మ అడుగుతోంది. రాయవే, అది సాక్ష్యం.

నువ్వు ఫంక్షన్ హాల్లో మైకులూ స్పీకర్లూ పెట్టే పనిలో ఉన్నావు కదా. ఇంత మోత మనిషికి మంచిది కాదు, గోడలకీ మంచిది కాదు అని ఒక కాగితం రాసి, కింద నీ ఉద్యోగం పేరు పెట్టి పంపు. ముసలిదాని మాటంటే ఓనరు చెవి గోక్కుంటాడు. చదువుకున్నదాని కాగితమంటే కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు.

ఫోన్ చెయ్యకు. మాట గాల్లో పోతుంది, కాగితమైతే పెట్టెలో ఉంటుంది.

నీ మీద కోపం ఇంకా కొంచెం మిగిలున్న
అమ్మమ్మ

(పైన ఆ నల్ల మరక నా వేలిముద్రే. గీతలు కనబడట్లేదని సిరా పెట్టెని తిట్టకు. ముప్పై నాలుగేళ్ళు దారం పట్టుకున్న వేలు, గీతలన్నీ దారమే తీసుకుపోయింది.)


జూన్ 11

అమ్మమ్మకి,

నీ కోపం అందింది. మరకతో సహా.

ఫోన్ చెయ్యకు అంటున్నావు, నేను చేశానని నీకు గుర్తులేదా? మార్చిలో నాలుగుసార్లు చేశాను. ప్రతిసారీ "సరే, సరే, ఉంటా" అని పెట్టేశావు. హాల్లో నిచ్చెన మీంచి జారి చెయ్యి బెణికిందని చెప్తే "సంతోషం" అన్నావు. అచ్చంగా ఆ మాటే. నేను దేనికో నీ మనసు నొప్పించానని అర్థమైంది, దేనికో అర్థం కాలేదు. అందుకే రాయలేదు.

నీ కేసు విషయం. నేల కదిలేలా వచ్చే ఆ మోతని మా పనిలో బాస్ అంటాం. చెవి కంటే ముందు పొట్టకి తెలిసే శబ్దం. అది ఎక్కువగా ఉండే డాన్సు పాటలు కంప్యూటరు మీదే తయారుచేస్తారు, తబలా ఉండదు, పాడేవాళ్ళు ఉండరు. దానివల్ల గోడలు కూలవు, అలా అని రాస్తే అబద్ధం అవుతుంది. నీ కోసం అబద్ధం ఆడగలను, కానీ నువ్వే పట్టుకుంటావు. ముందు కిందకి వెళ్ళి ఆయన పెట్టేది ఏమిటో కనుక్కో. ముద్దాయి పేరు తెలియకుండా ఏ జడ్జీ కేసు తీసుకోడు.

ఇంకో సంగతి. నేను హాల్లో మానేస్తున్నాను. ఒకటో తారీఖు నుంచి మావయ్య టైల్సు కొట్లో కూర్చుంటాను. నా సొంత స్పీకర్లు రెండూ ఒక స్కూలువాళ్ళు తీసుకుంటామన్నారు, ముప్పయ్యో తారీఖున వచ్చి పట్టుకెళ్తారు. మావయ్య సంబరపడ్డాడు. నువ్వూ పడతావనుకుంటున్నాను.

చెయ్యి తగ్గింది.

నీ
పిడుగు


జూన్ 19

పిడుగుకి,

నీ ఉత్తరం టైలరమ్మ నా ఎదురుగా కూర్చుని రెండుసార్లు చదివింది. చెయ్యి బెణికిన దగ్గర ఇంకోసారి చదివించుకున్నాను. సంతోషం అని నేను అనలేదు. అన్నా ఆ చేతిని కాదు. ఆ ఫోన్‌కి బుద్ధి లేదు, అంతే.

టైల్సు కొట్టు చల్లగా ఉంటుంది, కాదనను. కానీ మీ మావయ్య సంబరం రాశావు, నా సంబరం కూడా నువ్వే రాసేశావు. నీది ఎక్కడ పెట్టావే? టైలరమ్మ కాగితం తిప్పి వెనకాల కూడా చూసింది.

సరే, కేసు. కర్ర పట్టుకుని, పోట్లాటకి అన్నీ సర్దుకుని కిందకి దిగాను. ఆ గది చూడాలి నువ్వు. గోడ నిండా అరలు, అరల నిండా దవడలు. తెల్ల మట్టితో పోసిన దవడలు, ఒక్కో దానికీ చీటీ కట్టి ఉంది. నలభై మంది ఒకేసారి నన్ను చూసి నవ్వినట్టయింది. ఆయన బల్ల ముందు కూర్చుని చిన్న చక్రం మీద ఒక పన్ను అరగదీస్తున్నాడు. ముక్కుకీ మూతికీ గుడ్డ. "ముందు ఆ గుడ్డ తియ్యి నాయనా, మూతి కనబడని మనిషితో నేను పోట్లాడను" అన్నాను. తీశాడు. యాభై దాటినవాడే. "మోత ఎక్కువైందా మామ్మగారూ, ఆపేస్తాను, నాకు తట్టలేదు" అన్నాడు.

పోట్లాట అక్కడితో అయిపోయింది. మెట్లన్నీ దిగి వెళ్తే ఒక్క మాటకి లొంగిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. "అదేమిటో చెప్పి ఆపు" అన్నాను. చెప్పాడు. ఆల్బమట, ఏడు పాటలు. ఏ కంపెనీ వేసింది కాదట. చేసినవాళ్ళ పేరు లేదు, బొమ్మ కూడా లేదు. ఎవరో చేసి నెట్టులో వదిలేశారు. చేతికి వణుకు రాకుండా పని చేసుకునే పాట కోసం వెతుకుతుంటే తగిలిందట. "ఇప్పటికి విన్నది నలభై మూడు మందే మామ్మగారూ, ఇంత మంచిది" అని దిగులు పడ్డాడు, తన కూతురికి సంబంధం కుదరనట్టు.

"ఒకసారి పెట్టు, దాని పనేమిటో చూస్తాను" అన్నాను. చెప్పులు విప్పి, మోత వచ్చే నల్ల పెట్టె పక్కన నిలబడ్డాను. మొదటిది నా కాళ్ళు కుదురుకునేలోపే అయిపోయింది. రెండోది మొదలైంది. ఏడు దెబ్బలు సమంగా పడ్డాయి. ఎనిమిదోది ఒక గుక్క ఆలస్యంగా పడింది. మళ్ళీ ఏడు, మళ్ళీ ఆలస్యం. నేను కర్ర వదిలేశాను.

నీకెప్పుడూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. మా షెడ్డులో ఇరవై నాలుగు మరమగ్గాలు. నేను చేరినరోజు నాకు పదకొండో నంబరు ఇచ్చారు, అది కుంటిది కాబట్టి. దారం మోసే నాడె ఏడుసార్లు బుద్ధిగా అటూ ఇటూ పరిగెత్తేది, ఎనిమిదోసారి కొంచెం ఆగి వెళ్ళేది. మేస్త్రి మూడుసార్లు బాగుచేస్తానని వచ్చాడు, మూడుసార్లూ తిట్టి పంపాను. ఎందుకంటే ఆ షెడ్డులో ఎవరి మాట ఎవరికీ వినబడదు. ఆడవాళ్ళం పెదాలు చూసి మాట్లాడుకునేవాళ్ళం. ఏ మగ్గం ఆగిందో, ఏ దారం తెగిందో అరికాళ్ళకే తెలియాలి. ఇరవై నాలుగు ఒకేలా కొట్టుకుంటే నాదేదో నాకెలా తెలుస్తుంది? ఆ కుంటే దాని పేరు. నీళ్ళకి వెళ్ళి తిరిగొస్తుంటే గుమ్మం దగ్గరే నా కాళ్ళకి అది తగిలేది, నన్ను పిలిచినట్టు.

ఆ మగ్గం పాత ఇనుములో కలిసి ఇరవై ఏళ్ళయింది. దాని నడక లోకంలో నా అరికాళ్ళలో తప్ప ఎక్కడా లేదు. మరి ఆ పేరు లేనివాడికి ఎలా దొరికింది? మేస్త్రి పోయాడు, ఆయన పిల్లలెవరో అయి ఉంటారు. దొంగిలించి, కరెంటు పెట్టి, డాన్సు అని పేరు పెట్టారు. నలభై మూడు మంది విన్నారట, దొంగసొమ్మని గుర్తుపట్టింది నేనొక్కదాన్నే.

పళ్ళాయన మీద కేసు పక్కన పెట్టాను. ఇది పెద్ద కేసు. నువ్వు ఈ మోతల్లోనే తిరుగుతావు కదా, వాణ్ణి కనుక్కో. దొరికితే నాకు చెప్పు, కర్ర తీసుకుని వస్తాను.

అమ్మమ్మ


జూన్ 23

అమ్మమ్మకి,

టైలరు పిన్నిగారూ, ఈ ఉత్తరం కొంచెం మెల్లగా చదవండి.

దొంగ దొరికింది. నేనే.

ఆ ఏడు పాటలూ నేనే చేశాను. మూడేళ్ళు పట్టింది. కానీ ఒట్టు, నేను ఏ మగ్గాన్నీ దొంగిలించలేదు. పదకొండో నంబరు అనేది ఒకటి ఉండేదని నీ ఉత్తరంలోనే తెలిసింది. చదివి రెండో పాట మళ్ళీ పెట్టుకున్నాను.

అమ్మ ఆసుపత్రిలో రెండో షిఫ్టు చేసినన్నాళ్ళూ నన్ను జోకొట్టి పడుకోబెట్టింది నువ్వు. నీకు తెలుసో లేదో, నువ్వు జోకొడితే ఏడు దెబ్బలు సమంగా పడేవి, ఎనిమిదోది ఆలస్యంగా. ఆ ఆలస్యంలో నేను ఊపిరి బిగబట్టి ఎదురుచూసేదాన్ని. అది పడగానే నిద్ర పట్టేది. జోకొట్టడమంటే అందరూ అలాగే కొడతారనుకున్నాను. పాటలు చెయ్యడం మొదలుపెడితే చెయ్యి తనంతట తానే అక్కడికి వెళ్ళింది.

ఒక పాటల కంపెనీ ఆయన విన్నాడు. వేస్తామన్నాడు, ఆ ఎనిమిదో దెబ్బ సరిచేస్తే. డాన్సు చేసేవాళ్ళ కాలు తప్పుతుందట. నేను చెయ్యనన్నాను. ఎందుకు చెయ్యనో ఆయనకి చెప్పలేకపోయాను, నాకే తెలియదు కదా. ఊరికే నెట్టులో పెట్టాను. నలభై మూడు మంది. అందులో సగం నేనూ, హాల్లో నాతో పనిచేసే ఆమే, మళ్ళీ మళ్ళీ విన్నవే. నాలో ఏమీ లేదని తేల్చుకుని మావయ్య కొట్టుకి సరేనన్నాను.

నీకెందుకు చెప్పలేదంటావా. మూడేళ్ళ క్రితం మావయ్య ఇంట్లో మొదటి పాట చేసి, హెడ్‌ఫోన్లు నీ చెవులకి పెట్టాను. నువ్వు కాసేపు గోడ వంక చూశావు. తీసి నా ఒళ్ళో పెట్టి, ఒక్క మాట అనకుండా బట్టలు మడతపెట్టుకోవడానికి వెళ్ళిపోయావు. నీకు నచ్చనిది ఇంకెవరికి నచ్చుతుందిలే అనుకున్నాను.

ఇప్పుడు ఇంకోటి అడుగుతాను, కోప్పడకు. నీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి చదివాను. మంచం కోళ్ళు, బిందెలో నీళ్ళు, అరికాళ్ళు అన్నావు. విన్నాను అని ఒక్కచోట కూడా లేదు. పళ్ళాయన్ని గుడ్డ తియ్యమన్నావు. ఫోన్ వద్దంటావు. షెడ్డులో పెదాలు చూసి మాట్లాడుకునేవాళ్ళమని నువ్వే రాయించావు.

అమ్మమ్మా, నీకు వినబడటం ఎప్పటినుంచి మానేసింది?

పిడుగు


జూన్ 26

పిడుగుకి,

నీ ఉత్తరం చదివి టైలరమ్మ ఏడ్చింది. దాన్ని ఓదార్చి, మంచినీళ్ళిచ్చి, అప్పుడు రాయిస్తున్నాను. ఈ ఇంట్లో ఏడవటానికి కూడా నాకు వంతు రాదు.

తొమ్మిదేళ్ళు. అడిగావు కాబట్టి చెప్తున్నాను. ముందు కుడిది, తర్వాత ఎడమది. షెడ్డే తీసుకుంది, నేను దావా వెయ్యలేదు, అన్నేళ్ళూ నాకు కూడు పెట్టిందీ అదే. మనిషి ఎదురుగా ఉంటే నాకే లోటూ లేదు. మీ మావయ్య వచ్చి గంటసేపు మాట్లాడి వెళ్తాడు, ఈరోజుకీ కనిపెట్టలేదు. వాడు మాట్లాడటానికే వస్తాడు, అది వేరే సంగతి. గోడలకి చెవులుంటాయంటారు కదా, నాకు అవి చాలు. వాడికి తెలిస్తే, నీకేం తెలుస్తుందమ్మా ఒంటరిగా అని మంచంతో సహా నన్ను ఎత్తుకుపోతాడు. నా గది, నా కిటికీ, నా టైలరమ్మ పోతాయి. అందుకని దాచాను. నువ్వూ దాచు.

ఆ రోజు నువ్వు పెట్టింది నాకు ఒక్క ముక్క తెలియలేదు. చెవులకి ఏదో చల్లగా తగిలింది, అంతే. నువ్వు నా మొహం వంకే చూస్తున్నావు, కళ్ళు ఇంతింత చేసుకుని. బాగుందంటే ఏం బాగుందని అడుగుతావు. బాగాలేదంటే నీ మనసు విరుగుతుంది. అబద్ధం ఆడటానికి కూడా కొంచెం తెలిసుండాలి కదే. అందుకని బట్టల దగ్గరికి పారిపోయాను. నేను పారిపోవడం అదే మొదలు, అదే ఆఖరు. చెవిటిదాని ముందు శంఖం ఊదినట్టు అంటారు. ఊదేవాళ్ళు దాన్ని నేలకి ఆనించి ఊదాలి, అప్పుడు తెలుస్తుంది.

ఇప్పుడు రోజూ నాలుగింటికి కిందకి వెళ్తున్నాను. పళ్ళాయన నాకు కుర్చీ వేస్తాడు. కాళ్ళు ఆ పెట్టెకి ఆనించి కూర్చుంటాను, ఆయన పళ్ళు అరగదీసుకుంటాడు. ఏడింటినీ ఇటునుంచి అటు, అటునుంచి ఇటు పట్టేశాను. తొమ్మిదేళ్ళలో నాకు అందిన పాట ఇదొక్కటే. అది మనవరాలిదని ఆయనకి ఇంకా చెప్పలేదు, చెప్తే పళ్ళు ఊరికే కడతానంటాడేమోనని.

ఇక నీ తప్పు. ఆరో పాటలో కుంటు లేదు. ఎనిమిదీ సమంగా, బడి పిల్లల్లా వరసలో నడుస్తున్నాయి. మొదటిరోజు నా కాలు తిమ్మిరెక్కిందనుకున్నాను. కాలు మార్చి చూశాను. లేదు. ఎవరికి భయపడి సరిచేశావు? ఆ కంపెనీ ఆయనకా? నేను మేస్త్రిని మూడుసార్లు తిట్టి పంపితే, నువ్వు ఒక్కసారికే తలుపు తీశావా?

స్పీకర్లు అమ్మకు. నా మాట విను, నాకు వినబడకపోయినా. అవి ఉంచితే నేనూ ఒకటి ఒప్పుకుంటాను. చెవుల డాక్టరు దగ్గరికి వస్తాను. నీతో వస్తాను, మీ మావయ్యతో కాదు.

టైలరమ్మ ఈ ఉత్తరం పోస్టులో కాదు, బస్సులో వాళ్ళ ఆడపడుచు చేతికిచ్చి పంపుతోంది. ముప్పయ్యో తారీఖు గుర్తుంది నాకు.

అమ్మమ్మ


జూన్ 30

అమ్మమ్మకి,

నీ ఉత్తరం ముందొచ్చింది, స్కూలువాళ్ళ వ్యాను తర్వాతొచ్చింది. క్షమించమని చెప్పి టీ ఇచ్చి పంపాను. హాల్లో మేనేజరు గారిని అడిగితే నా రాజీనామా ఆయన ఇంకా చదవలేదట. ఆయన ఏదీ చదవడు, మొదటిసారి అది నాకు కలిసొచ్చింది.

మావయ్యకి కొట్టుకి రానని చెప్పాను. నీ సంగతి చెప్పలేదు. ఒక నెల ఆగుతాను. ఆ తర్వాత నువ్వే చెప్పాలి, నేను పక్కన కూర్చుంటాను. గది ఖాళీ చెయ్యమంటే నీకంటే ముందు నేను పోట్లాడతాను.

ఆరోదాని సంగతి నిజమే. ఆయన అడిగినరోజు ఒక్కదాన్ని సరిచేసి పంపాను, అన్నీ ఇలా చేస్తే ఎలా ఉంటుందో చూద్దామని. తర్వాత సిగ్గేసింది, కానీ వెనక్కి మార్చలేదు. ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. హాల్లో సౌండు చూసే పదిమందిలో ఒక్కరూ కనిపెట్టలేదు. ఈరోజు మళ్ళీ మార్చాను. పళ్ళాయన్ని రేపు కొత్తది పెట్టమను.

నాలుగో తారీఖున వస్తున్నాను, ఆటోలో స్పీకర్లతో సహా. ఓనరు ఏమంటాడో మరి. రేపే కదా నీ కేసు? అందుకే ఇది కూడా బస్సులోనే, టైలరు పిన్నిగారి ఆడపడుచు చేతికిచ్చి పంపుతున్నాను.

పిడుగు


జూలై 1

పిడుగుకి,

కేసు నడిచింది. విను.

నేను వెయ్యనన్నా అది ఆగలేదు. జూన్ మొదట్లో నేనే ఇంటింటికీ తిరిగి నూరిపోశాను, అది నీకు రాయలేదు, అందరూ తయారై దిగారు. కుళాయి సంగతి మర్చిపోయి మోత, మోత అంటున్నారు. నేను పెట్టిన నిప్పే. ఓనరు కుర్చీలో కూర్చుని, "పెద్దావిడ ఫిర్యాదు, పెద్దావిడే చెప్పాలి" అన్నాడు. పళ్ళాయన ఓ మూల నిలబడ్డాడు, ఆయన దవడల్లో ఒకటిలా.

నేను లేచాను. "కేసు వేసింది నేనే, కొట్టేస్తున్నదీ నేనే" అన్నాను. "కుదరదు, కారణం చెప్పాలి" అన్నాడు. అప్పుడు అందరి ముందూ చెప్పానే. నాకు చెవులు లేవు, తొమ్మిదేళ్ళయింది, ఈయన పెట్టేది తప్ప లోకంలో నాకు ఏదీ చేరదు అని. ఇరవై మంది నోళ్ళు ఒకేసారి మూతపడటం షెడ్డులో కూడా చూడలేదు.

"ఆ పాట చేసింది నా మనవరాలు" అన్నాను. పళ్ళాయన ఆ మూల నుంచి ఈ మూలకి వచ్చేశాడు. ఓనరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, నీ కాగితం లేకుండానే. తర్వాత తీర్పు చెప్పాడు. నాలుగు నుంచి అయిదు దాకా పెట్టుకోవచ్చు, అయిదు దాటితే లేదు. నాకు గంట చాలు.

అక్కడితో ఆగితే నేనెందుకవుతాను? అందర్నీ చెప్పులు విప్పి కింది గదిలో నిలబడమన్నాను. ఆరోది పెట్టించాను, నువ్వు మార్చిన కొత్తది. ఏడు పడ్డాయి. ఎనిమిదోదాని కోసం ఓనరుతో సహా అందరూ ఒక్క గుక్క ఆగారు. నేను వాళ్ళ మొహాలే చూస్తున్నాను. అది పడింది. అప్పుడు నవ్వారు, నిద్రపోబోయే ముందు నువ్వు నవ్వేదానివే, అలా.

మీ మావయ్యకి ఈపాటికి తెలిసే ఉంటుంది, ఇరవై మంది నోళ్ళు ఎంతసేపు మూసి ఉంటాయి. రానీ. వాణ్ణీ చెప్పులు విప్పిస్తాను.

నువ్వు వచ్చినప్పుడు మొహం నా వైపు పెట్టి మాట్లాడు. స్పీకర్లు కిటికీ పక్కన పెడదాం, టైలరమ్మ కొలిచింది. దారిలో ఎండ తగలనివ్వకు, నీకూ వాటికీ.

ఆల్బం మీద నీ పేరు పెట్టుకుంటావో లేదో నీ ఇష్టం. నాకు సంతకం రాదు, వేలిముద్ర అరిగిపోయింది. అందుకని ఈసారి నా గుర్తు టైలరమ్మ చేత కింద పెట్టిస్తున్నాను, చుక్కలుగా. కుట్టు వేసే మనిషి కదా, అన్నీ సమంగా పెట్టబోయింది. ఆఖరి దాని దగ్గర చెయ్యి పట్టుకుని ఆపాను.

• • • • • • •      •